అమరావతి మహాచైత్యం: పోయిన కట్టడానికి పునఃకల్పన

అమరావతి మహాచైత్యం కృష్ణానది కుడి ఒడ్డున, నేటి పల్నాడు జిల్లా అమరావతిలో వెలసిన బౌద్ధ స్తూపం. ఇది కొత్త రాజధాని అమరావతి కాదు, అమరేశ్వరుడి గుడి ఉన్న పాత ఊరు. 19వ శతాబ్దం ముగిసేలోపే ఆ స్తూపం నేలమట్టమైంది. అసలు అది ఎలా ఉండేదో తేల్చే పని రెండు వందల ఏళ్లుగా సాగుతూనే ఉంది. అందుకు ఉన్న ఆధారాలు మూడే: ఊళ్లో మిగిలిన గుండ్రటి పునాది, చెన్నై, లండన్, కోల్‌కతా, అమరావతి మ్యూజియాలకు చేరిన రాళ్లు, ఆ రాళ్లలో కొన్ని ఇంకా స్థానంలో ఉండగా గీసిన పటాలు. కాలిన్ మెకంజీ మొదలు జేమ్స్ ఫెర్గూసన్, జేమ్స్ బర్జెస్, పెర్సీ బ్రౌన్, సి.శివరామమూర్తి, డగ్లస్ బారెట్, రాబర్ట్ నాక్స్, అకిరా షిమాడా దాకా ఎందరో ఈ పని మీద కూర్చున్నారు. వారు తేల్చిన రూపాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. కలవకపోవడంలో వింత లేదు. మహాచైత్యానికి ఒక్క రూపమంటూ ఎన్నడూ లేదు. కొన్ని వందల ఏళ్ల పాటు పెంచుతూ, మారుస్తూ, పాత రాళ్లనే తిరగేసి చెక్కుతూ పోయిన కట్టడమది. ఏ కాలపు స్తూపాన్ని గీస్తున్నామో ముందుగా చెప్పుకోకపోతే, గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా, స్తూపం ఏ ఒక్కనాడూ అచ్చం అలా ఉండి ఉండదు.

కట్టిన కాలం

ప్రాచీన ధాన్యకటకం, అంటే నేటి ధరణికోట పక్కన, క్రీ.పూ. 3–2 శతాబ్దాల నాటికే ఇక్కడ స్తూపం ఉంది. తొలినాటి ప్రాకారం నల్లరాతిది, చెక్కడాలు లేనిది. సాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీ.శ. 1–2 శతాబ్దాల్లో, పలనాటి సున్నపురాయితో పెద్ద ప్రాకారం లేచింది. స్తూపం ఒంటికి శిల్ప ఫలకాల తొడుగు వచ్చింది. వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనం ఒకటి ఈ చైత్యాన్ని చైత్యక శాఖ భిక్షువులతో ముడిపెట్టి చెబుతుంది. ఖర్చు పెట్టింది రాజులొక్కరే కాదు. వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణులు తలా ఒక స్తంభమో, ఫలకమో, అడ్డుకమ్మీయో ఇచ్చుకున్నారు. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం మీద దాత పేరు విధికుడు, వృత్తి చర్మకారుడు.

1182 నాటికి కూడా ఇక్కడి బుద్ధుడికి దీపాలు వెలుగుతున్నాయి. కోట కేతరాజు ఇచ్చిన దానాల శాసనం అమరేశ్వరాలయంలోనే ఉంది. శ్రీలంకలోని గడలదెణియ శాసనం ప్రకారం 1344 నాటికి ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగు చేయించాడు. అంటే స్తూపానికి దాదాపు పదహారు వందల ఏళ్ల ఆయుష్షు ఉంది. పుస్తకాల్లో మనం చూసే పునఃకల్పన బొమ్మలు అందులో ఒకటి రెండు శతాబ్దాల రూపాన్నే పట్టుకుంటాయి.

దీపాలదిన్నె మీద పారలు

18వ శతాబ్దం చివరికి అక్కడ ఉన్నది పెద్ద మట్టిదిబ్బ. ఊళ్లో దాన్ని దీపాలదిన్నె అనేవారు. 1796 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన కొలువును ఇక్కడికి మార్చి కొత్త పట్నం కట్టించాడు. పట్నానికి ఇటుక కావాలి, రాయి కావాలి. దిన్నెలో రెండూ దండిగా దొరికాయి. తవ్వుకున్న రాళ్లు గుళ్లకు, కోనేటి మెట్లకు పోయాయి. దిన్నె నడుమ నిధి ఉంటుందన్న ఆశ కూడా పారలకు తోడైంది.

వెంకటాద్రి నాయుణ్ణి ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టడం ఆంగ్ల రచనల్లో పాత అలవాటు. అది న్యాయం కాదు. ఆయన తర్వాత ముప్పావు శతాబ్దానికి, చదువుకున్న ఈస్టిండియా కంపెనీ వారసులే భట్టిప్రోలు స్తూపాన్ని పగలగొట్టి ఇటుకల్ని రోడ్డుకు వాడారు. అక్కడి రాళ్లు వెల్లటూరు వద్ద కాలువ తూములోకి చేరాయి. పాత కట్టడమంటే తయారుగా ఉన్న రాతిగని అన్న లెక్క జమీందారుకూ ఉంది, ఇంజినీరుకూ ఉంది.

మెకంజీ పటాలు

దిన్నెలో రాళ్లు బయటపడుతున్న సంగతి విని 1790ల చివర్లో అమరావతికి వచ్చినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండ్ వాయవ్యాన లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసుకు వచ్చిన సైనిక ఇంజినీరు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో దక్షిణాది చరిత్రకు సంబంధించిన శాసనాలు, కైఫీయత్తులు పోగుచేసిన వ్యక్తిగా తెలుగువారికి ఎక్కువ పరిచయం. మొదటి రాకలో అది ఏ మతపు కట్టడమో ఆయనకు తెలియలేదు, జైనులదనుకున్నాడు. బౌద్ధం మీద ఐరోపావారి అవగాహన అప్పటికింకా పొడిపొడిగానే ఉంది.

1816లో మళ్లీ వచ్చేసరికి ఆయన భారత సర్వేయర్ జనరల్. చేతి కింద చిత్రకారుల బృందం ఉంది: జాన్ న్యూమన్, హెన్రీ హామిల్టన్, ఆండర్సన్, మరికొందరు. ఈలోగా దిన్నె నడుమ చెరువు కోసం పెద్ద గొయ్యి తీశారు. అంటే మొదటి కొలబద్ద పడేనాటికే స్తూపం గర్భం పోయింది. లోపల మట్టి నింపారా, నాగార్జునకొండలోలా చక్రపు ఆకుల్లా గోడలు కట్టారా, ధాతుపేటిక ఏ మట్టంలో ఉండేది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగల సాక్ష్యం ఆ గొయ్యితోనే మాయమైంది. ఇప్పటి పునఃకల్పనలన్నీ చర్మం గురించి మాట్లాడతాయి, ఎముకల గురించి మాట్లాడలేవు.

చర్మం గురించి మాత్రం మెకంజీ బృందం వదిలివెళ్లిన సమాచారం అపారం. వారు రెండు రకాల పటాలు చేశారు. ఒకటి శిల్పాల చిత్రాలు: ఒక్కో ఫలకాన్నీ ఎదురుగా పెట్టుకుని, విరిగిన అంచును విరిగినట్టే, అరిగిన ముఖాన్ని అరిగినట్టే గీసినవి. లేని ముక్కును అతికించే పని పెట్టుకోలేదు. ఆ రోజుల్లో భారతీయ శిల్పాన్ని గీసిన ఐరోపావారిలో ఈ నిగ్రహం అరుదు. రెండోది దిన్నె పటం, 1817 జూన్ నాటిది. ఇందులో స్థానంలో నిలిచి ఉన్న రాళ్లు, ప్రాకారపు వలయం, ద్వారాల దిక్కులు కొలతతో కనిపిస్తాయి. అందం విషయంలో మొదటి రకానిదే పైచేయి. పునఃకల్పనకు ప్రాణం పోసింది మాత్రం రెండోది.

ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ప్రాకారం వ్యాసం 192 అడుగులని నేడు అంగీకరించిన కొలత. అంత పెద్ద వలయం మీద పది అడుగుల రాయి ఒకటి కూర్చుంటే, దాని అంచులో ఉండవలసిన వంపు ఒకటిన్నర అంగుళం పైచిలుకు మాత్రమే. ఆ వంపును కొలిచి వృత్తం వ్యాసం రాబట్టొచ్చని బడి గణితం చెబుతుంది. కానీ కొలతలో పావు అంగుళం తగ్గిందా, వ్యాసం 192 అడుగుల నుంచి దాదాపు 228కి ఎగబాకుతుంది. అరిగిన, అంచులు చిట్లిన రాతి మీద పావు అంగుళం తేడా ఒక లెక్కే కాదు. మ్యూజియంలో పడి ఉన్న రాళ్లను ఎంత శ్రద్ధగా కొలిచినా స్తూపం పరిమాణం తేలదు. రాయి ఏ చోట నిలిచిందో చూసి గీసినవాడి పటం ఉండాలి. ఒక్కసారి రాయిని పెకలించాక ఆ సమాచారం మరి రాదు.

మెకంజీ బృందం చిత్రాల సంపుటం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో కనిపించి, ఆ తర్వాత జాడ తెలియకుండా పోయిన రాళ్లున్నాయి. దొరికిన వాటిలోనూ కొన్ని, 1817లో కాగితం మీద ఉన్నంత స్పష్టంగా ఇప్పుడు రాతి మీద లేవు.

రాళ్ల ప్రయాణం

మెకంజీ కొన్ని రాళ్లను కలకత్తాకు, మద్రాసుకు పంపాడు. 1830లో మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ తాను కట్టిస్తున్న కొత్త పేటకు అలంకారంగా 33 ఫలకాలను తరలించాడు. 1845లో గుంటూరు కమిషనరు వాల్టర్ ఎలియట్ తవ్వించి మరిన్ని రాళ్లను మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో లండన్‌కు ఓడెక్కాక కూడా రేవు గిడ్డంగిలో, ఆపైన ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్ బండ్ల షెడ్డులో కాలం గడిపాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఎలియట్ మార్బుల్స్ అన్న పేరు స్థిరపడింది గానీ, అది చలువరాయి కాదు, సున్నపురాయి.

ఆ తర్వాత రాబర్ట్ సీవెల్ 1877లో తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ఉత్తర్వు మీద దిన్నె మొత్తాన్ని ఖాళీ చేయించారు. మంచి ఉద్దేశంతో జరిగిన ఈ పనే అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసిందని చెప్పాలి. ఏ రాయి ఏ పొరలో, ఏ రాయి పక్కన పడి ఉందో రాసుకోకుండా తీసి కుప్ప పోశారు. 1881–82లో పురావస్తు సర్వే తరఫున బర్జెస్ వచ్చేటప్పటికి కొలవడానికి మిగిలింది ఒక గొయ్యి, దాని చుట్టూ కుప్పలు. ఆయన ఫలకాలను మద్రాసు మ్యూజియానికి పంపించాడు. అక్కడ వాటిని గోడల్లో పెట్టి సిమెంటుతో బిగించారు. దాంతో రెండు వైపులా చెక్కిన రాళ్ల వెనక వైపు కనిపించకుండా పోయింది.

అప్పట్లోనే ఒక గొంతు వేరుగా పలికింది. పురాతన కట్టడాల క్యురేటరుగా ఉన్న హెన్రీ హార్డీ కోల్, రాళ్లను ఊరు దాటించవద్దని, ఉన్నచోటే నిలబెట్టి కాపాడాలని వాదించాడు. ఆ మాట చెల్లలేదు.

ఫెర్గూసన్ రెండు ప్రాకారాలు

మొదటి పూర్తి స్థాయి పునఃకల్పన చేసినవాడు అమరావతిని కళ్లతో పరిశోధించినవాడు కాదు. భారతీయ వాస్తు చరిత్రకు పునాది వేసిన జేమ్స్ ఫెర్గూసన్, 1867 పారిస్ ప్రదర్శన కోసం ఛాయాచిత్రాలు సేకరిస్తూ ఫైఫ్ హౌస్‌లోని రాళ్లను పట్టుకున్నాడు. వాటి ఫోటోలను, మెకంజీ పటాలను బల్ల మీద పరిచి, కత్తిరించి అతికించి, 1868లో వెలువడిన ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ గ్రంథంలో స్తూపాన్ని నిలబెట్టాడు.

ఆయన లెక్కలో ప్రాకారాలు రెండు: బయట పెద్దది, లోపల చిన్నది. ఆధారం లేకుండా అన్న మాట కాదు. రాళ్లు రెండు జాతులుగా కనిపిస్తున్నాయి. కొన్ని మందపాటి స్తంభాలు, అడ్డుకమ్మీలు. మరికొన్ని పలచటి పలకలు, వాటి మీద స్తూపాల బొమ్మలు, పై అంచున పట్టీలు. పలకలు కూడా వలయంగానే నిలిచి ఉండేవని పటం చెబుతోంది. కాబట్టి అది లోపలి ప్రాకారం. తర్కం బాగానే ఉంది. కానీ సీవెల్, బర్జెస్ తవ్వకాల తర్వాత తేలింది వేరు: ఆ పలకలు విడిగా నిలిచిన ప్రాకారం కాదు, స్తూపం మేధికి, అంటే గుండ్రటి అరుగు గోడకు కప్పిన తొడుగు. వెనక ఇటుక గోడ పోయి పలకలు మాత్రమే నిలబడితే, పటంలో అవి ప్రాకారంలానే కనిపిస్తాయి మరి. కాలం విషయంలోనూ ఫెర్గూసన్ తడబడ్డాడు. శిల్పాలను క్రీ.శ. 4–5 శతాబ్దాల దాకా లాక్కొచ్చాడు. బర్జెస్ 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ప్రచురించిన గ్రంథంలో దీన్ని సరిదిద్దాడు.

రాతి మీద స్తూపం

పునఃకల్పనకు అమరావతి ఇచ్చిన వరం ఒకటుంది: స్తూపం తన బొమ్మను తన ఒంటి మీదే చెక్కించుకుంది. మేధి పలకల మీద పదే పదే కనిపించేది స్తూపమే. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పలక వీటిలో బాగా తెలిసినది. దాదాపు 124 సెంటీమీటర్ల ఎత్తు. ముందు ప్రాకారం, దాని మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన ద్వారం, ద్వారం స్తంభాల మీద కూర్చున్న సింహాలు. లోపల మేధికి ఎదురుగా ఒక వేదిక, దాని మీద వరసగా ఐదు పొడవాటి స్తంభాలు. ఇవే ఆయక స్తంభాలు, ఆంధ్ర స్తూపాలకు సొంత ముద్ర. వాటి వెనక అండం, అంటే స్తూపపు గుమ్మటం. దాని కింది భాగం శిల్పాల పట్టీలతో నిండి, పైన పూలదండలు వేలాడుతూ ఉంటుంది. నెత్తిన చదరపు హర్మిక, ఛత్రాలు. ఆకాశం నుంచి దేవతలు వాలుతున్నారు. సాంచిలో కనిపించే తోరణాలు ఇక్కడ లేవు. అందుకే అమరావతి ద్వారాలకు తోరణం తగిలించే ధైర్యం పునఃకల్పన చేసినవారు సాధారణంగా చేయరు.

ఈ పలకను తిప్పితే మరో కాలం. వెనక వైపు బోధివృక్షం, ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. శైలిని బట్టి క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. ముందు వైపుది క్రీ.శ. 3వ శతాబ్దపు చెక్కడం. మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో పాత పలకను ఊడదీసి, పాత బొమ్మను గోడ వైపుకు తిప్పి, కొత్త ముఖం మీద కొత్త స్తూపం చెక్కారు. రాయికి రెండు జన్మలు. పునఃకల్పనలో దానికి రెండు చోట్లు ఇవ్వాలి, రెండు వేర్వేరు పటాల్లో.

ఇక్కడే చిక్కు. ఆ చిన్న బొమ్మ మహాచైత్యానికి ప్రతిరూపమా, లేక స్తూపం ఎలా ఉండాలో శిల్పి మనసులో ఉన్న ఆదర్శమా? పలకల మధ్య తేడాలున్నాయి: ఒకదానిలో పట్టీలు ఎక్కువ, ఇంకొకదానిలో ఛత్రాలు ఎక్కువ. పైగా పలక నిలువుగా ఉంటుంది కాబట్టి శిల్పి అండాన్ని ఇరుకు చేసి పైకి లాగక తప్పదు. దాని నిష్పత్తులను అడుగుల్లోకి మార్చి ఎత్తు రాబట్టిన పునఃకల్పనలు అందుకే కాస్త బక్కగా, ఎత్తుగా కనిపిస్తాయి. ఆకృతి విశేషాలకు ఈ పలకలు నమ్మదగినవి. కొలతలకు కావు.

కొలతలు, కూర్పు

లండన్‌లోని రాళ్ల మీద డగ్లస్ బారెట్ 1954లో వెలువరించిన పుస్తకం ఇప్పటికీ లెక్కలకు ఆధారం. ప్రాకారం వ్యాసం 192 అడుగులు, అంటే సుమారు 59 మీటర్లు. మేధి వ్యాసం 162 అడుగుల పైచిలుకు. ప్రాకారంలో నిలువు స్తంభాలు 136, వాటి నడుమ సూచులనే అడ్డుకమ్మీలు 348 ఉండేవని అంచనా. రెండు స్తంభాల మధ్య మూడేసి సూచులు కాబట్టి 348ని మూడుతో భాగిస్తే 116 ఖాళీలు. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, ఒక్కోటి 26 అడుగుల వెడల్పు.

విడి రాళ్లకు చోటు వెతకడానికి కొన్ని గట్టి గుర్తులున్నాయి. స్తంభం పక్కల్లో సూచి దిగడానికి కోలగా, కన్ను ఆకారంలో తొలిచిన గుంటలుంటాయి. స్తంభం నడుమ నిండు పద్మం, పైనా కిందా సగం పద్మాలు. బయటి వైపు పద్మాలతో సరిపెట్టారు. లోపలి వైపు, ప్రదక్షిణ చేసేవారికి కనిపించేచోట, జాతక కథలు, బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కారు. పైన పరిచే ఉష్ణీషపు రాళ్ల బయటి ముఖాన లావుపాటి పూలదండను మోసే మనుషులు, లోపలి ముఖాన కథలు. కాబట్టి రాయి చేతికొస్తే ఏ వైపు లోపల, ఏ వైపు బయట అన్నది చప్పున తెలుస్తుంది. ఏ ద్వారం పక్కన, ఎన్నో స్తంభం అన్నది మాత్రం మెకంజీ పటంలో గుర్తు లేకపోతే దాదాపు తెలియదు. కథలు ఏ క్రమంలో నడిచేవన్న ప్రశ్న ఇందుకే తేలలేదు.

ఎత్తు దగ్గర అభిప్రాయాలు మరీ విడిపోతాయి. పెర్సీ బ్రౌన్ 1942లో వేయించిన చిత్రం తరతరాల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అందులో స్తూపం సుమారు 90–100 అడుగులు లేస్తుంది. అండం పైభాగం నుంచి స్థానంలో దొరికిన రాయి ఒక్కటీ లేదు కాబట్టి ఏ అంకె అయినా ఊహే, పలకల మీది బొమ్మ చూసి చేసిన ఊహ. మద్రాసు రాళ్లను, వాటి శాసనాలను సమగ్రంగా పరిచయం చేసిన శివరామమూర్తి గ్రంథం కూడా 1942 నాటిదే. 1992లో బ్రిటిష్ మ్యూజియం తన రాళ్లకు ప్రత్యేక గది తెరిచినప్పుడు రాబర్ట్ నాక్స్ కొత్త జాబితా ప్రచురించాడు. 2013లో వచ్చిన షిమాడా పుస్తకం ప్రాకారాన్ని ఒకే దఫాలో కాక, శైలి, లిపి ఆధారాలతో దశలు దశలుగా లేచిన కట్టడంగా చూపించింది. ఇప్పటికి ఉన్న పనుల్లో ఎక్కువ నమ్మదగినది ఈ చివరి దారే. పాత చిత్రాల కన్ను చెదిరే ఏకరూపత దీనికి లేదు, అదే దాని బలం.

వాస్తుశిల్పి ఎవరు?

పోయిన కట్టడాన్ని పునఃకల్పించే పనికి ఇంగ్లండులో ఎదురయ్యే పరిస్థితి వేరు. నాటక రచయితగా మొదలై కాసిల్ హవర్డ్, బ్లెన్‌హైమ్ భవనాలకు రూపకల్పన చేసిన బరోక్ వాస్తుశిల్పి జాన్ వాన్‌బ్రా, డోర్సెట్ కౌంటీలో ఈస్ట్‌బరీ అనే మహా సౌధాన్ని తలపెట్టాడు. 1726లో ఆయన పోయాక మరొకరు పూర్తి చేశారు. 1770ల్లో ఒక పార్శ్వం తప్ప మిగతాదంతా కూల్చేశారు. కానీ కోలెన్ క్యాంప్‌బెల్ ‘విట్రూవియస్ బ్రిటానికస్’ సంపుటాల్లో ఆ భవనం నమూనాలు అచ్చయ్యాయి. అక్కడ పరిశోధకుడి పని ఒక మనిషి మనసులో ఏముందో, అందులో ఎంత కట్టారో బేరీజు వేయడం. కాగితం ముందు, కట్టడం తర్వాత. మన దగ్గర అలాంటి పరిస్థితికి దగ్గరగా వచ్చేది హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ. శామ్యూల్ రస్సెల్ రూపకల్పన చేసిన ఆ మేడకు తోటలో చిన్న నమూనా కూడా ఉంది. పక్కనే ఉండిన రంగమహల్‌ను మాత్రం 1860లో పడగొట్టారు. అమరావతిలో క్రమం తలకిందులు: కట్టడం ముందు, దాని చావు వేళ కాగితం. వెతకడానికి ఒక మనిషి మనసు లేదు.

అలాగని పని చేసినవారు పేరు లేనివారేం కాదు. స్తూపాల నిర్మాణాన్ని పర్యవేక్షించే భిక్షువును నవకర్మికుడు అనేవారు. పని చేయించే శిల్పాచార్యుడు ఆవేసని. ఒక ఆవేసని పేరు మనకు నిక్కచ్చిగా తెలిసింది ఎన్టీఆర్ జిల్లా జగ్గయ్యపేట నుంచి. ఊరు వెంకటాద్రి నాయుడి తండ్రి జగ్గయ్య పేరున వెలసింది. పక్కనున్న ధనంబోడు అనే గుట్ట మీద 1882లో బర్జెస్ ఒక చిన్న స్తూపాన్ని కొలిచాడు, వ్యాసం సుమారు 31 అడుగులు. అక్కడి ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. కమ్మకరట్ఠంలోని నడతూరుకు చెందిన ఆవేసని నాకచందుడి కొడుకు, ఆవేసని సిద్ధార్థుడు, వేలగిరి మహాచైత్యం (ఈ స్తూపమే) తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని చెబుతుంది. తండ్రీ కొడుకులిద్దరూ ఒకే వృత్తి. చెప్పుకోదగ్గ విషయం మరొకటి: సిద్ధార్థుడు ఇక్కడ కూలి తీసుకున్న పనివాడిగా కాదు, దాతగా కనిపిస్తాడు. స్తంభం ఎత్తెంత, ద్వారానికి ఎంత దూరం అని నిర్ణయించిన చేతులు ఇలాంటివే.

జగ్గయ్యపేట ఫలకాల్లో సప్తరత్నాల నడుమ నిలబడ్డ చక్రవర్తి శిల్పం అందరికీ తెలిసినదే. ఇప్పుడు చెన్నైలో ఉంది. ఆ చెక్కడం అమరావతి తొలి దశకు దగ్గరి చుట్టం కావడంతో, అమరావతిలో ఏ రాయి ముందు, ఏ రాయి తర్వాత అని పేర్చడానికి కొలమానంగా పనికొచ్చింది. అదే జిల్లా గుమ్మడిదుర్రులో 1920ల్లో తవ్విన స్తూపం రాళ్లు చివరి దశకు అలాంటి తోడు.

పొరుగు సాక్ష్యాలు

అండం మీద శిల్పాలు ఎలా అమర్చేవారన్నది చిరకాలపు సందేహం. కర్ణాటకలోని కలబురగి జిల్లా కనగనహళ్లిలో 1990ల్లో పురావస్తు సర్వే జరిపిన తవ్వకం దీనికి కొంత వెలుగునిచ్చింది. అక్కడ పెద్ద ఫలకాలు స్తూపం చుట్టూ పడ్డచోటే పడి ఉన్నాయి. అశోకుడి పేరు చెక్కిన రాజ శిల్పం వాటిలో ఒకటి. పడ్డ చోటును బట్టి ఏ వరస ఏ ఎత్తులో ఉండేదో చెప్పగలిగారు. అమరావతిలో 1880లో కుప్పలు పోయకుండా ఉంటే దొరికి ఉండే సమాచారం సరిగ్గా ఇలాంటిదే.

నాగార్జునకొండది ఇంకో పాఠం. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954–60 మధ్య ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ మొత్తం తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీద మళ్లీ పేర్చారు. చాలావరకు పునాదుల మట్టానికే ఆగారు. ఆధారం లేని పైభాగం జోలికి పోలేదు. అమరావతిలోనూ అదే సుబ్రహ్మణ్యం 1958–59లో, తర్వాత ఐ.కె.శర్మ 1973–74లో తవ్వి, తొలి దశ కాలాన్ని వెనక్కి జరిపే ఆధారాలు చూపారు.

ఇప్పుడు ఎక్కడ ఏముంది

అమరావతిలో పురావస్తు సర్వే వారు చదును చేసి నిలబెట్టిన వలయం, చుట్టూ కొన్ని స్తంభాలు కనిపిస్తాయి. పక్కనే మ్యూజియంలో శిల్పాలతో పాటు స్తూపం నమూనా ఉంది. ఎక్కువ రాళ్లు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో, 120కి పైగా లండన్‌లో, కొన్ని కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకే స్తంభపు ముక్కలు రెండు నగరాల్లో ఉండే అవకాశం చిన్నదేమీ కాదు. మెకంజీ చిత్రాలు, లండన్ రాళ్ల ఫోటోలు అంతర్జాలంలో ఎవరైనా చూడొచ్చు. అన్ని మ్యూజియాల రాళ్లనూ ఒకే కొలతతో త్రిమితీయంగా స్కాన్ చేసి, విరిగిన అంచుల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే ఎన్ని ముక్కలు కలుస్తాయన్నది ముందున్న పని. దానివల్ల ప్రాకారం, మేధి మరికొంత నిండుతాయి. అండం ఎత్తు, హర్మిక కొలత, గర్భంలోని కట్టు మాత్రం ఎంత స్కాన్ చేసినా రావు. వాటికి సంబంధించిన ఇటుకలు 1817 పటం గీసేనాటికే అమరావతి ఇళ్ల గోడల్లోకి చేరిపోయాయి.